దూరపు కొండ ఎక్కే ముందు

పేరున్న శిఖరాలకు వెళ్లేవారు ముందే జంకుతారు కాబట్టి అన్నీ సర్దుకునే బయలుదేరతారు. చిక్కంతా పేరులేని కొండలతోనే. పొలాలు దాటాక పచ్చగా, మెత్తగా, ఇలా ఎక్కి అలా దిగేయవచ్చు అన్నట్టు ఊరించే కొండ. ఎత్తు నాలుగు వందల మీటర్లకు మించదు. దాంతో కాళ్లకు చెప్పులు, చేతిలో అర లీటరు సీసా, ఫోటోలకు సరిపడా చార్జింగ్, అంతే. అలాంటి కొండ మీద ప్రమాదమంతా ఏకాంతంలో ఉంటుంది. పార్కులో చీలమండ మడతపడితే ఒక సాయంత్రం పాడవుతుంది. మనిషి జాడలేని వాలు మీద, సిగ్నల్ అందని చోట, పొద్దు వాలే వేళ మడతపడితే అది ప్రాణం మీదికి రావచ్చు. అందుకని సంచి సర్దే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: అక్కడ నేను కదలలేని స్థితి వస్తే ఎవరికి తెలుస్తుంది, ఎప్పటికి తెలుస్తుంది?

జవాబు ఇంటి దగ్గరే సిద్ధం కావాలి. ‘సాయంత్రానికి వచ్చేస్తాం’ అన్నంత మాత్రాన చెప్పినట్టు కాదు. ఏ కొండ, ఏ వైపు నుంచి ఎక్కుతున్నారు, బండి ఎక్కడ ఆపుతున్నారు, ఎన్నింటికి ఫోన్ చేస్తారు, చేయకపోతే ఎన్ని గంటలకు ఎవరికి కబురు పెట్టాలి అనేవన్నీ ఒక మనిషికి రాసి ఇవ్వండి. దిగగానే ఆ ఫోన్ చేయడం కూడా మరవకండి. క్షేమంగా దిగి హాయిగా నిద్రపోతున్న మనిషి కోసం రాత్రంతా కొండ గాలించే పరిస్థితి రాకూడదు.

కొండ కింది ఊరివారితో మాట్లాడటం మరో మంచి పని. అయితే అడగవలసినవి అడగాలి. ‘దారి ఉందా?’ అంటే ఎవరైనా ఉందనే అంటారు. ఈ మధ్య ఎవరైనా పైకి వెళ్లారా, వాన పడితే ఏ వాగు పొంగుతుంది, పైన నీళ్లు దొరుకుతాయా, అడవి జంతువులు ఏ వేళలో తిరుగుతాయి అని అడగండి. ‘ఎంతో లేదు, దగ్గరే’ అంటే మాత్రం మీ లెక్క మీరు వేసుకోండి. రోజూ ఎక్కే కాళ్లకు అరగంట అయినది మనకు గంటన్నర కావచ్చు.

ఆ లెక్కకు పాత సూత్రం ఒకటి ఉంది. విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పినది. సుమారు 5 కిలోమీటర్ల నడకకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట కలపాలి. 4 కిలోమీటర్ల దారిలో 400 మీటర్లు పైకి వెళ్లాలంటే నడకకు 48 నిమిషాలు, ఎత్తుకు 40 నిమిషాలు, మొత్తం దాదాపు గంటన్నర. ఇది గట్టి కాళ్లున్నవారు, మంచి బాటలో, ఆగకుండా నడిస్తే వచ్చే లెక్క. పిల్లలు, పెద్దవారు, ఫోటోలు తీసేవారు ఉన్న బృందానికి నేనైతే రెట్టింపు వేస్తాను. దిగడానికి సగం సమయం చాలనుకోవడం పొరపాటు. నిట్రంగా ఉన్న చోట, రాళ్లు కదిలే చోట దిగడానికీ ఎక్కినంతసేపు పడుతుంది.

ఈ లెక్కలోంచి ఒక్క అంకె తీసి గట్టిగా పట్టుకోండి: వెనుదిరిగే సమయం. ఆరింటికి పొద్దు గుంకుతుందనుకుంటే ఐదింటికల్లా కింద ఉండాలి. దిగడానికి రెండు గంటలు పడుతుందంటే మూడింటికి ఎక్కడున్నా వెనక్కి తిరగాలి, శిఖరం కళ్ల ముందే ఉన్నా సరే. ఇది కిందనే, బుర్ర చల్లగా ఉన్నప్పుడే నిర్ణయించుకోవాలి. ఎందుకంటే కొండ మోసం చేస్తుంది. ఒక మెట్ట ఎక్కి ఇదే చివర అనుకునేలోగా వెనక నుంచి ఇంకొకటి తలెత్తుతుంది. ఇంత దూరం వచ్చాక పది నిమిషాలకు ఏముందిలే అనిపిస్తుంది. ఆ పది నిమిషాలే మూడుసార్లు వస్తాయి. గడియారం లేకపోతే చేయి చాచి, సూర్యుడికీ క్షితిజానికీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో చూడండి. నాలుగు వేళ్లకు ఉజ్జాయింపుగా గంట. పడమట మరో కొండ ఉంటే దాని అంచు నుంచే కొలవాలి, నీడ అక్కడి నుంచే పడుతుంది. ఇంత లెక్క వేసినా ప్రతి ఒక్కరి దగ్గరా తలకు కట్టుకునే టార్చ్ ఉండాల్సిందే. ఫోన్ లైటుతో రాళ్ల మీద దిగితే ఒక చేయి ఎప్పుడూ ఖాళీగా ఉండదు, పైగా సాయం కోసం దాచుకోవలసిన బ్యాటరీ కరిగిపోతుంది.

వాతావరణం సంగతి. వెయ్యి మీటర్లు ఎక్కితే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి చిన్న కొండ మీద తేడా రెండు మూడు డిగ్రీలే. అక్కడ వణికించేది తడి బట్టల మీద తగిలే గాలి. నూలు బట్ట చెమటను, వానను పీల్చుకుని ఆరకుండా ఒంటికి అంటుకుంటుంది. నీరు ఒంటి వేడిని గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. మంచు పడని చోట కూడా ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోవచ్చని చాలామందికి తెలియదు. తోటివారి వేళ్లకు జిప్పు అందకపోయినా, మాట ముద్దముద్దగా వచ్చినా, ‘నాకేం కాలేదు’ అని విసుక్కున్నా ఆగిపోయి పొడి బట్టలు మార్పించండి. ఆ పొడి జత ప్లాస్టిక్ సంచిలో మూతిముడి వేసి ఉండాలి.

ఎండాకాలం చెప్పేది ఇంకా తక్కువ. తెల్లవారకముందే బయలుదేరండి, నీళ్లు సగం అయిపోతే అక్కడి నుంచే వెనక్కి తిరగండి.

ఉరుము వినిపించిందంటే పిడుగు పడే పరిధిలో ఉన్నట్టే. మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లకు ఒక కిలోమీటరు చొప్పున లెక్క. ముప్పై సెకన్లలోపు అయితే క్షణం ఆగకుండా శిఖరం, గట్టు వదిలి కిందికి దిగాలి. ఒంటరి చెట్టు కిందికి, బండ చాటున ఉన్న చిన్న గుహలోకి దూరకూడదు. చివరి ఉరుము విన్న తర్వాత అరగంట దాకా మళ్లీ పైకి వద్దు.

ఇక దిగడం. నన్నడిగితే కొండ నడకలో అసలు పరీక్ష ఇదే, దీని గురించే ఎవరూ మాట్లాడరు. తొడలు అలసి మోకాళ్లు సన్నగా వణుకుతుంటాయి, మనసు అప్పటికే ఇంటికి చేరుకుని ఉంటుంది. ఎక్కేటప్పుడు గమనించని సన్న గులక, దిగేటప్పుడు మడమ కింద గింజల్లా దొర్లుతుంది. అలాంటి చోట వెనక్కి వాలి మడమ మీద బరువు వేస్తే కాలు ముందుకు జారి కూలబడతాం. మోకాలు కొద్దిగా వంచి, నడుము కాస్త ముందుకు ఉంచి, పాదం మొత్తం ఆనేలా చిన్న అడుగులు వేయాలి. తడిసిన బండ మీద నల్లగా మెరిసే చోటు పాచి. పొడిగా గరుకుగా కనిపించే అంచు మీదే కాలు పెట్టండి. బూటు ముందు భాగం ఇరుకైతే ప్రతి అడుగుకూ బొటనవేలి గోరు తోలుకు కొట్టుకుంటుంది, అందుకే దిగే ముందు మడమ వెనక్కి సర్దుకుని తాళ్లు బిగించి కట్టుకోండి. పై నుంచి రాయి దొర్లితే గట్టిగా కేక వేయండి, ఒకరి నెత్తి పైన ఒకరు ఉండేలా దిగకండి.

దారి తప్పడం కూడా ఎక్కువగా దిగేటప్పుడే. పోయిన దారి తిరిగి వచ్చేటప్పుడు కొత్తగా కనిపిస్తుంది. అందుకని ఎక్కేటప్పుడు ప్రతి చీలిక దగ్గరా ఆగి వెనక్కి చూసి ఒక ఫోటో తీసుకోండి. పశువులు తొక్కిన బాటలు మరీ మోసం. అవి మేతకో నీళ్లకో పోతాయి, ఊరికి పోవాలన్న నియమం లేదు. తప్పామని తెలియగానే ఆగి, చివరగా గుర్తున్న చోటికి తిరిగి వెళ్లండి. వాగు వెంట పోతే ఊరు వస్తుందన్న మాట నమ్మకండి, అంతకంటే ముందు జలపాతం అంచు రావచ్చు. మ్యాపు ముందే ఫోన్‌లో దించుకుని ఉంటే నెట్‌వర్క్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది.

సంచి పట్టీకి ఒక ఈల కట్టుకోండి. నిమిషంలో ఆరుసార్లు ఊది ఒక నిమిషం ఆగడం, మళ్లీ ఊదడం కొండల మీద సాయం కోరే సంకేతం. జవాబు మూడుసార్లు వస్తుంది. రాత్రి అయితే టార్చ్‌తోనూ ఇదే పద్ధతి. ఫోన్ అయితే భారత్‌లో, యూరప్‌లో 112. మీ నెట్‌వర్క్ అందకపోయినా ఇంకొక నెట్‌వర్క్ ద్వారా ఆ కాల్ కలిసే వీలుంది. కాల్ కలవని చోట సందేశం ఒక్కోసారి వెళుతుంది, ప్రయత్నించండి.

పాము కరిస్తే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం ఏదీ వద్దు. ఉంగరాలు, గడియారం తీసేసి, కరిచిన భాగం కదలకుండా ఉంచి, వీలైనంతవరకు మోసుకుని ఆస్పత్రికి చేర్చాలి. దెబ్బ తగిలిన మనిషిని మోయలేకపోతే ఒకరు తోడుండి ఇంకొకరు సాయానికి వెళ్లాలి. ఇద్దరే ఉండి విడిపోక తప్పకపోతే నీళ్లు, వెచ్చని బట్టలు, టార్చ్, ఈల గాయపడినవారి దగ్గరే వదలండి. ఆ చోటి జీపీఎస్ అంకెలు, పక్కనున్న గుర్తులు కాగితం మీద రాసుకుని మరీ బయలుదేరండి. కంగారులో ఎంత బాగా గుర్తున్న చోటైనా కిందికి దిగేసరికి తారుమారవుతుంది.