మూత్రాశయంలో రాయి: నాన్న విషయంలో మేం నేర్చుకున్నది

నాన్నకు 72 ఏళ్లు. మూత్రం ధారగా వస్తూ వస్తూ టక్కున ఆగిపోయేది. కాస్త అటూ ఇటూ కదిలితే మళ్లీ వచ్చేది. వయసు కదా అనుకుని మూడు నెలలు పోగొట్టుకున్నాం. మీ ఇంట్లో పెద్దవాళ్లకు ఇలా ఉన్నా, మంట, రక్తం కనిపించినా వెంటనే యూరాలజిస్టుకు చూపించండి.

స్కానింగ్ రిపోర్టులో రాయి సైజు ఒక్కటే చూడకండి. మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో కూడా చూడండి, అసలు సంగతి అక్కడే ఉంటుంది. మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథి పెరిగి దారి ఇరుకైతే మూత్రం నిలవుండి, అందులోని లవణాలు గట్టిపడి రాయవుతాయి.

రాయి కరుగుతుందంటారని కొండపిండి ఆకు పప్పు మేమూ వండిపెట్టాం. తినడానికి బాగుంటుంది, కానీ దాన్ని నమ్ముకుని ఆలస్యం చేయకండి. నాన్నకు మత్తిచ్చి, మూత్రం వచ్చే దారిలోనే సన్నటి కెమెరా గొట్టం పంపి, లేజర్‌తో రాయిని ముక్కలు చేసి కడిగేశారు. పైన కోత లేదు. మరీ పెద్ద రాయైతే పొత్తికడుపు కోయాల్సి రావచ్చు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి. "మరి ప్రొస్టేట్‌కు ఏం చేస్తారు డాక్టర్ గారూ?" అని తప్పకుండా అడగండి. దాన్ని వదిలేస్తే రాయి మళ్లీ రావచ్చు.

మూత్రం పూర్తిగా ఆగిపోయినా, చలిజ్వరం వచ్చినా అర్ధరాత్రైనా సరే, ఆస్పత్రికి తీసుకెళ్లండి.