ప్రోగ్రామింగ్‌కు టెక్స్ట్ ఎడిటర్: ఎంపిక, ఆపై మలచుకోవడం

హనుమకొండలో గానీ కరీంనగర్‌లో గానీ ఇంజనీరింగ్‌లో చేరిన విద్యార్థికి సాధారణంగా సీనియర్ చూపించిన టెక్స్ట్ ఎడిటరే, అంటే కోడ్ రాసే సాఫ్ట్‌వేరే, అలవాటవుతుంది. అందులో తప్పు లేదు. అయితే రోజంతా చేతిలో ఉండే పనిముట్టు కనుక, దానిని ఎందుకు వాడుతున్నామో తెలుసుకుని ఎంచుకోవడం మేలు.

ప్రస్తుతం ప్రధానంగా పరిశీలించదగినవి మూడు: ఈమాక్స్, విమ్ (దాని నుంచి వచ్చిన నియోవిమ్‌తో సహా), వీఎస్ కోడ్. ఈమాక్స్, అలాగే విమ్‌కు మూలమైన వీఐ అనే ఎడిటర్, రెండూ కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడిన 1976లోనే పుట్టాయి. బ్రామ్ మూలెనార్ 1991లో విమ్‌ను విడుదల చేశారు. నియోవిమ్‌ను లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో మలచుకోవచ్చు. వీఎస్ కోడ్‌ను మైక్రోసాఫ్ట్ 2015లో ప్రకటించింది.

పదాలను పూరించడం, తప్పులను చూపించడం వంటి సౌకర్యాలను బట్టి ఎడిటర్‌ను ఎంచుకోవలసిన అవసరం ఇప్పుడు దాదాపుగా లేదు. ఈ సౌకర్యాలను అందించే ‘లాంగ్వేజ్ సర్వర్’ అనే విడి ప్రోగ్రామ్‌తో ఎడిటర్ మాట్లాడే ఉమ్మడి పద్ధతి అయిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ 2016లో వెలువడింది. దాని వల్ల, సీ భాషకు క్లాంగ్‌డీ వంటి ఒకే సర్వర్ ఈ మూడింటిలోనూ పనిచేస్తుంది. కనుక చూడవలసింది మీ పనితీరును. వెంటనే పని మొదలుపెట్టాలనుకునేవారికి వీఎస్ కోడ్ అనువైనది, కానీ ర్యామ్ తక్కువగా ఉన్న పాత ల్యాప్‌టాప్‌పై అది భారంగా నడుస్తుంది. టెర్మినల్ (ఆదేశాలను టైప్ చేసే విండో) ద్వారా దూరంలోని సర్వర్ కంప్యూటర్లలో పనిచేసేవారికి విమ్ సరిపోతుంది: ఆదేశాలు తీసుకునే నార్మల్ మోడ్‌లో, బ్రాకెట్ల మధ్య కర్సర్ ఉంచి సి, ఐ, ఎడమ బ్రాకెట్ వరుసగా నొక్కితే లోపలిదంతా చెరిగిపోయి, అక్కడే కొత్తది టైప్ చేయవచ్చు.

లోతుగా మలచుకోవాలన్న ఆసక్తి ఉన్నవారికి నేను నిస్సంకోచంగా సూచించేది ఈమాక్స్. కంట్రోల్-హెచ్, తర్వాత కె నొక్కి, ఏదైనా ఒక కీ నొక్కితే, ఆ కీ ఏ ఫంక్షన్‌ను నడుపుతుందో, అది ఏ ఫైల్‌లో ఉందో ఎడిటరే వివరిస్తుంది. లిస్ప్ అనే భాషలో ఉన్న ఆ కోడ్‌ను తెరిచి చదివి, మార్చి, ఎడిటర్‌ను మూయకుండానే ఫలితం చూడవచ్చు. తెలుగు టైప్ చేసే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పద్ధతి కూడా అందులోనే ఉంది. తెలుగు డేటాతో పనిచేసేవారు ఏ ఎడిటర్‌లోనైనా ముందుగా ‘ఓరుగల్లు’ అని టైప్ చేసి, ‘ల్లు’లో ఒత్తు విడిపోకుండా కనిపిస్తున్నదో లేదో చూసుకోవాలి, టెర్మినల్‌లో నడిచే ఎడిటర్లలో ఇది ఆ టెర్మినల్‌పై ఆధారపడి ఉంటుంది.

ఎంచుకున్న తర్వాత, ఇతరుల కాన్ఫిగరేషన్‌ను (సెట్టింగుల ఫైల్‌ను) మొత్తంగా తెచ్చిపెట్టుకోకండి. అర్థం కాని వరుసలు పేరుకుంటే, చిన్న లోపం వచ్చినా ఎక్కడ వెతకాలో తెలియదు. మొదట విమ్‌తో వచ్చే అభ్యాస పాఠమైన విమ్‌ట్యూటర్ గానీ, ఈమాక్స్‌లోని పాఠం గానీ పూర్తి చేయండి. ఆ తర్వాత పనిలో పదేపదే అడ్డుపడుతున్న విషయం ఒక్కటి గుర్తించి, దానికి మాత్రమే ఒక సెట్టింగ్ చేర్చి, కొన్నాళ్లు వాడి చూసి, ఎందుకు చేర్చారో పక్కనే కామెంట్‌గా రాసి, మార్పుల చరిత్రను దాచే గిట్‌లో భద్రపరచండి.

ఏదైనా చెడిపోతే, మీ సెట్టింగులు లేకుండా తెరుచుకునేలా, టెర్మినల్‌లో ఈమాక్స్‌ను మైనస్ పెద్ద క్యూతో (-Q), నియోవిమ్‌ను రెండు మైనస్‌ల క్లీన్‌తో (--clean) తెరవండి. అప్పుడు సమస్య కనిపించకపోతే లోపం మీ సెట్టింగులలోనే ఉన్నట్లు. వీఎస్ కోడ్‌లోని ఎక్స్‌టెన్షన్ బైసెక్ట్ అనే సౌకర్యం, ఎక్స్‌టెన్షన్లను (ఎడిటర్‌కు అదనంగా చేర్చుకునే ప్రోగ్రామ్‌లను) సగం సగంగా ఆపుతూ దోషిని పట్టిస్తుంది. ఎక్స్‌టెన్షన్లకు మీ ఫైళ్లను చదివే, మార్చే వీలుంటుంది కాబట్టి, ప్రచురించినవారు ఎవరో చూడకుండా దేనినీ ఇన్‌స్టాల్ చేయకండి.