సైలెంట్ గిటార్ స్టేజీ మీద మొండికేస్తే: సమస్య - పరిష్కారం

సైలెంట్ గిటార్‌తో వచ్చే ప్రతి సమస్యకీ మొదటి పరీక్ష ఒక్కటే. గిటార్‌కే ఉన్న హెడ్‌ఫోన్ రంధ్రంలో హెడ్‌ఫోన్ పెట్టి వినండి. అందులో శుభ్రంగా వినిపిస్తే మీ గిటార్ బాగున్నట్టే, తప్పు కేబుల్ దగ్గరో మిక్సర్ దగ్గరో కరెంటు దగ్గరో ఉంది. హెడ్‌ఫోన్‌లోనూ అదే రోగం వినిపిస్తే సౌండ్ వాళ్ళతో వాదించి లాభం లేదు, గిటార్ వైపే చూడాలి. మామూలు అకౌస్టిక్ గిటార్‌కి ఈ పరీక్ష అక్కర్లేదు, దాని బాడీయే చెప్పేస్తుంది. సైలెంట్ గిటార్‌కి శబ్దాన్ని పెంచే ఆ బోలు పెట్టె లేదు. తీగ కదలికని బ్రిడ్జి కింది పికప్ పట్టుకుంటుంది, లోపలి సర్క్యూట్ దాన్ని శబ్దంగా మారుస్తుంది, ఆ తర్వాత దారంతా వైరే.

ఈ రకంలో అందరికీ తెలిసినది యమహా ఎస్‌ఎల్‌జి200, 2015లో వచ్చింది. స్టీల్ తీగలకి ఒకటి, నైలాన్‌కి ఒకటి, వెడల్పు మెడ నైలాన్‌కి ఇంకొకటి ఉన్నాయి. బరువు 2 కిలోల పైచిలుకు. బాడీ ఆకారం ఇచ్చే పై ఫ్రేమ్ ఊడదీసి సంచిలో పెట్టుకోవచ్చు. కింద రాసినవి దాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవే అయినా, బ్యాటరీతో నడిచే ఏ ట్రావెల్ గిటార్‌కైనా చాలావరకు పనికొస్తాయి. తిరుపతిలో గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళల్లో అద్దెకుంటూ రాత్రి పదకొండు తర్వాత సాధన చేసేవాళ్ళకి, శుక్రవారం చిత్తూరులో రిసెప్షన్, శనివారం మదనపల్లెలో ఇంకోటి అని బస్సుల్లో తిరిగేవాళ్ళకి ఇంతకంటే మంచి వాయిద్యం లేదని నా గట్టి నమ్మకం. కాకపోతే దాని తీరు తెలుసుకోవాలి.

అసలు శబ్దమే రావట్లేదు, లేదా సన్నగా బొంగురుగా వస్తోంది

బ్యాటరీ. పదింట తొమ్మిదిసార్లు ఇదే. ఎస్‌ఎల్‌జి200లో 2 ఏఏ సెల్స్ పడతాయి. మంచి ఆల్కలైన్ సెల్స్ అయితే కంపెనీ లెక్క ప్రకారం దాదాపు 22 గంటలు వస్తాయి. గోడ గడియారాలకి వేసే చవక సెల్స్ వేస్తే అంత ఆశించొద్దు. సెల్ అయిపోయే ముందు శబ్దం ఒక్కసారిగా ఆగిపోదు. గట్టిగా కొట్టినప్పుడు పగిలినట్టు వినిపిస్తుంది, తర్వాత సన్నబడుతుంది. ఆ పగులు వినగానే పాటల మధ్య విరామంలో మార్చేయండి. కొత్తదీ పాతదీ కలిపి వేయొద్దు.

కొత్త సెల్స్ వేసినా ప్రాణం రాకపోతే సెల్ గూటిలోని స్ప్రింగుని వెలుతురులో చూడండి. తెల్లటి పొడి పేరుకుని ఉంటే పాత సెల్ కారిందన్నమాట. ఆల్కలైన్ సెల్ కారితే వచ్చేది క్షారం. దూది చుట్టిన పుల్లని ఒక్క చుక్క నిమ్మరసంలో ముంచి ఆ పొడి మీద రుద్దితే అది విరిగిపోతుంది. వెంటనే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బాగా ఆరనిచ్చి, అప్పుడు సెల్స్ వేయండి. నిమ్మరసం లోపలి సర్క్యూట్ దాకా పారకూడదు, పుల్ల తడిస్తే చాలు. నెల రోజులు వాయించకుండా పక్కన పెట్టేటట్టయితే సెల్స్ తీసి పెట్టండి. మన ఎండాకాలంలో బీరువాల్లో, కార్ల డిక్కీల్లో ఉండే వేడికి సెల్స్ ఇంకా తొందరగా కారతాయి.

అడాప్టర్ మీద నడిపేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఎఫెక్ట్ పెడళ్ళకి వాడే 9 ఓల్టుల అడాప్టర్లలో ఎక్కువ వాటికి మధ్య పిన్ను మైనస్. పిన్ను సరిపోయింది కదా అని దాన్నే గిటార్‌కి గుచ్చేయకండి. గిటార్ మీద, దాని పుస్తకంలో ఎన్ని ఓల్టులు, మధ్యలో ప్లస్సా మైనస్సా అని గుర్తు ఉంటుంది. రెండూ కలిస్తేనే పెట్టాలి.

హెడ్‌ఫోన్‌లో వస్తోంది, స్పీకర్‌లో రావట్లేదు

కేబుల్ మార్చి చూడండి. రెండో కేబుల్ సంచిలో లేకుండా ప్రోగ్రాంకి వెళ్ళకూడదు. కేబుల్ కూడా గిటార్‌కి వాడేదే కావాలి, షీల్డ్ ఉన్న మోనో జాక్. స్పీకర్‌కి వాడే వైరు చూడ్డానికి అలాగే ఉంటుంది కానీ దానికి షీల్డ్ ఉండదు, ఊళ్ళో ఉన్న గరగరంతా మోసుకొస్తుంది. కేబుల్ బాగుంటే డీఐ బాక్స్ చూడండి, అంటే గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే చిన్న పెట్టె. యాక్టివ్ డీఐలు చాలావాటికి మిక్సర్ నుంచి 48 ఓల్టుల ఫాంటమ్ (మైకు కేబుల్ గుండానే వచ్చే కరెంటు) కావాలి, అది వేయడం మర్చిపోతే బాక్స్ మూగబోతుంది.

జాక్ గుచ్చేటప్పుడు, పీకేటప్పుడు ముందు ఒక మాట: "అన్నా, గిటార్ ఛానల్ మ్యూట్ చెయ్యి." ఆ ఒక్క మాటతో స్పీకర్లూ బతుకుతాయి, ముందు వరసలో కూర్చున్న పెద్దవాళ్ళ గుండెలూ బతుకుతాయి.

గుయ్‌మని హమ్మింగ్

మన వైపు ఫంక్షన్లలో ఎక్కువగా వేధించేది ఇదే. అందుకే వరస తప్పకుండా వెతకాలి.

మొదట అడాప్టర్ పీకి బ్యాటరీ మీద నడపండి. హమ్ పోతే దొంగ దొరికినట్టే, ఆ రోజుకి బ్యాటరీయే మేలు. నన్నడిగితే స్టేజీ మీద ఎప్పుడూ బ్యాటరీయే వాడాలి, అడాప్టర్ ఇంటి సాధనకి ఉంచుకోవాలి.

బ్యాటరీ మీద కూడా హమ్ ఉంటే గిటార్ వాల్యూమ్ సున్నాకి తిప్పండి. అయినా అలాగే మోగుతుంటే అది గిటార్ దాటాక పుడుతోంది. ఇప్పుడు చూడాల్సింది ఎర్త్. మన కరెంటు 230 ఓల్టులు, 50 హెర్ట్జ్. మిక్సర్ ఒక స్విచ్ బోర్డు నుంచి, మీ ఆంప్ మండపం అవతలి గోడ దగ్గరి ఇంకో బోర్డు నుంచి కరెంటు తీసుకుంటే రెండింటి ఎర్త్‌ల మధ్య తేడా కేబుల్ షీల్డ్ గుండా పారుతుంది. అదే ఆ గుయ్. ఆంప్‌నీ మిక్సర్‌నీ ఒకే జంక్షన్ బాక్స్‌కి తెండి. సీరియల్ సెట్లు, స్టేజీ లైట్లు వేరే లైను మీద ఉండేలా డెకరేషన్ వాళ్ళని ముందే అడగండి. అప్పటికీ పోకపోతే డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ బటన్ (సిగ్నల్ కేబుల్ ఎర్త్‌ని మాత్రమే విడదీసేది, కరెంటు ఎర్త్‌ని కాదు) నొక్కండి, చాలాసార్లు అక్కడితో తీరిపోతుంది.

ట్రాక్‌లు వేసే ల్యాప్‌టాప్ కూడా పెద్ద నేరస్థురాలు. దాని ఛార్జర్ పీకి చూడండి. హమ్‌తోపాటు కీచుమనే సన్నటి శబ్దం ఆగితే కారణం అదే.

ఇక్కడ ఒక్క పని మాత్రం ఎవరు చెప్పినా చేయొద్దు. హమ్ పోవడానికి మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయడం, దానికి టేపు చుట్టడం. నిజంగానే హమ్ పోతుంది. దాంతోపాటు మీకున్న రక్షణ కూడా పోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వానలు. తడి పచ్చిక మీద షామియానా, జనరేటర్ కరెంటు, చేతిలో స్టీల్ తీగలు, పెదవికి తగిలే మైకు. పాడేటప్పుడు పెదవి జివ్వుమంటే ఆ పాట అక్కడే ఆపేయండి. ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్త్ చూసేదాకా మైకూ గిటారూ కలిపి ముట్టుకోవద్దు. పెళ్ళివారు ఏమనుకుంటారో అని మొహమాటపడే చోటు కాదిది.

బయటికి బాగానే వస్తోందట, నాకే వినపడట్లేదు

సైలెంట్ గిటార్ కొన్న ప్రతి ఒక్కరూ మొదటి ప్రోగ్రాంలో తెల్లబోయేది ఇక్కడే. మామూలు గిటార్ ఒడిలోంచి ఎంతో కొంత వినపడుతుంది, ఛాతీకి తగులుతుంది. దీనికి అది లేదు. పక్కన డోలక్, ప్యాడ్స్ మోగుతుంటే మీ తీగల చప్పుడు మీకు చేరదు. వినపడకపోతే చెయ్యి తనంతట తానే గట్టిగా కొడుతుంది. తీగలు ఫ్రెట్లకి కొట్టుకుంటాయి, పికప్ గరుకుగా పలుకుతుంది, బయట వినేవాళ్ళకి గిటార్ కర్కశంగా తోస్తుంది. సౌండ్ అతను గిటార్‌ని తగ్గిస్తాడు, మీరు ఇంకా గట్టిగా కొడతారు.

మార్గం ఏంటంటే, బేరం కుదుర్చుకునేటప్పుడే మానిటర్ స్పీకర్ (వాయించేవాళ్ళ వైపు తిప్పి పెట్టేది) అడగడం. రిసెప్షన్లలో దంపతుల కుర్చీలకి ఇచ్చినంత చోటు వాయించేవాళ్ళకి ఇవ్వరు, మానిటర్ ఊసే ఉండదు. అడిగితే మాత్రం చాలామంది తెస్తారు. దాన్ని మీ మోకాలి ఎత్తులో, మీ చెవి వైపు వంచి పెట్టించండి. అదీ లేకపోతే గిటార్ హెడ్‌ఫోన్ రంధ్రం నుంచి ఒక ఇయర్‌ఫోన్ ఒక్క చెవికే పెట్టుకోండి, రెండో చెవిని బృందానికి వదలండి. వైరుని చొక్కా లోపలి నుంచి వీపు మీదుగా తెచ్చుకుంటే చేతికి అడ్డం పడదు. సౌండ్ ఎక్కువ పెట్టొద్దు. మూడు గంటల ప్రోగ్రాం అంతా ఒకే చెవిలో మోత పెట్టుకుంటే చెవి పాడవుతుంది.

ఇంట్లో అద్భుతం, స్టేజీ మీద ప్లాస్టిక్ సౌండ్

ఎస్‌ఎల్‌జి200లో బ్లెండ్ నాబ్ ఒకటి ఉంది. ఒక కొసన పికప్ శబ్దం, ఇంకో కొసన మంచి మైకు పెట్టి రికార్డు చేసిన అకౌస్టిక్ గిటార్‌లా వినిపించే ఎస్‌ఆర్‌టి శబ్దం. హెడ్‌ఫోన్‌లో ఎస్‌ఆర్‌టి వైపు తిప్పితే ప్రాణం లేచొస్తుంది. అదే సెట్టింగ్‌తో బృందంలో వాయిస్తే మసకబారి కలిసిపోతుంది. పూర్తిగా పికప్ వైపు తిప్పితే స్పష్టంగా వినిపిస్తుంది కానీ ఆ ప్లాస్టిక్ గరుకు వస్తుంది. ఒంటరిగా పాటకి వాయిస్తుంటే ఎస్‌ఆర్‌టి వైపు, బృందంలో అయితే సగం దాటించి పికప్ వైపు ఉంచండి. మిగిలిన గరుకుని మిక్సర్‌లో 1 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్య కొంచెం కోయమనండి. 100 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని తీసేస్తే గుబగుబ కూడా తగ్గుతుంది.

రివర్బ్, అంటే కృత్రిమ ప్రతిధ్వని గురించి. తిరుపతిలోని మహతి లాంటి ఆడిటోరియంలో కుర్చీలు, జనం ప్రతిధ్వనిని కొంత మింగేస్తాయి, కాస్త రివర్బ్ అందంగా ఉంటుంది. కల్యాణ మండపంలో నేల గ్రానైట్, గోడలు టైల్స్, హాలే ఒక పెద్ద రివర్బ్. అక్కడ గిటార్‌లో దాన్ని సున్నా చేయండి.

ఒక్క తీగ మాత్రం డల్‌గా పలుకుతోంది

పికప్ శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్నటి ముక్క) కింద ఉంటుంది. ఆరు తీగల ఒత్తిడీ దానికి సమానంగా అందాలి. తీగలన్నీ ఒకేసారి ఊడదీసి మార్చినప్పుడు శాడిల్ కదిలి, కింద ఒక దుమ్ము రేణువు చేరినా ఆ చోట తీగ నీరసిస్తుంది. తీగలు వదులు చేసి, శాడిల్ మెల్లగా పైకి తీసి, ఏ వైపు బాస్ తీగ ఉందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, గాడిని పొడి బ్రష్‌తో ఊడ్చి, తిరిగి అలాగే కూర్చోబెట్టండి. పికప్ పట్టీని గోటితో గానీ స్క్రూడ్రైవర్‌తో గానీ కదపొద్దు. ఇక ముందు తీగలు ఒక్కొక్కటిగా మార్చితే ఈ తంటా రాదు.

గరగర

నాబ్ తిప్పినప్పుడు మాత్రమే గరగరమంటే నాబ్ లోపల దుమ్ము. అటూ ఇటూ చాలాసార్లు తిప్పండి, తగ్గకపోతే ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే కాంటాక్ట్ క్లీనర్ కొట్టించండి. కేబుల్ కదిలినప్పుడు గరగరమంటే జాక్ నట్టు వదులైంది. నట్టుని బిగించేటప్పుడు జాక్ మొత్తం తిరగకుండా చూసుకోవాలి, లోపలి వైర్లు మెలిపడి తెగుతాయి. కేబుల్‌ని పట్టీ చుట్టూ ఒక మెలిక తిప్పి గుచ్చితే ఎవరైనా కాలు తగిలించినా జాక్ మీద భారం పడదు.

హెడ్‌ఫోన్ సాధనలో తేడాలు

గిటార్ బావిలోంచి వస్తున్నట్టు బోలుగా ఉంటే మీరు మైకు ఉన్న ఫోన్ ఇయర్‌ఫోన్ వాడుతున్నారేమో చూడండి. దాని పిన్ను మీద మూడు నల్ల గీతలు ఉంటాయి, కొన్ని రంధ్రాల్లో అది సరిగా కూర్చోదు. పిన్నుని రవ్వంత బయటికి లాగినప్పుడు శబ్దం నిండుగా మారితే సంగతి అదే. రెండు గీతల మామూలు హెడ్‌ఫోన్ తెచ్చుకోండి. బ్లూటూత్ జోలికి వెళ్ళొద్దు, తీగ మీటాక శబ్దం ఆలస్యంగా చెవికి చేరి తాళం తప్పిస్తుంది.

ఫోన్‌లో తంబూర యాప్ పెట్టి గిటార్ ఆక్స్‌లో (బయటి శబ్దం కలుపుకునే రంధ్రం) కలుపుకుని అన్నమయ్య కీర్తనలు సాధన చేసేవాళ్ళని చూశాను, చాలా మంచి పద్ధతి. శ్రుతి చెవిలోనే ఉంటుంది, పక్కింటికి ఏమీ వినపడదు. కీచు శబ్దం వస్తే ఫోన్ ఛార్జింగ్‌లో ఉందేమో చూడండి. అన్నట్టు, తీగల చప్పుడు గోడ దాటదు గానీ కాలితో వేసే తాళం కింది వాటా వాళ్ళకి బాగా వినపడుతుంది. పాదం కింద మందపాటి దుప్పటి వేసుకోండి.

ఊరు మారగానే శ్రుతి జారిపోతోంది, ఫ్రేమ్ జీరుమంటోంది

జీరుకి కారణం చాలావరకు ఊడదీసే ఫ్రేమ్ స్క్రూ. ఒక తీగ ఏదో ఒక స్వరం దగ్గర మాత్రమే జీరుమంటుంటే ఫ్రేమ్‌ని చేత్తో పట్టుకుని అదే స్వరం మళ్ళీ మీటండి. ఆగితే బిగించాలి. వేళ్ళతో బిగిస్తే చాలు, కటింగ్ ప్లేయర్ వాడితే మర చెడిపోతుంది.

శ్రుతి జారడం వేడి వల్ల. మే నెలలో ఏసీ బస్సు దిగి నలభై డిగ్రీల్లో నిలబడ్డాక నైలాన్ తీగలు కుదుటపడటానికి అరగంట ఇవ్వాలి. కొత్త నైలాన్ తీగలైతే రెండు మూడు రోజులు సాగుతూనే ఉంటాయి, ప్రోగ్రాం ముందు రోజు మార్చొద్దు. స్టీల్ తీగలకి మన చెమట శత్రువు, వాయించాక పొడి గుడ్డతో ఒక్కొక్క తీగనీ తుడవండి. ఎండలో ఆపిన కారులో గిటార్ వదలొద్దు, బ్రిడ్జి జిగురు మెత్తబడుతుంది.

ఫ్రేమ్ ఊడదీసినా పొడవు మీటరుకి కాస్త తక్కువే ఉంటుంది. బస్సులో పై అరలో పడుతుంది. రేణిగుంటలో విమానం ఎక్కేవాళ్ళు మాత్రం అది క్యాబిన్ బ్యాగు కొలతలకి మించిందే అని గుర్తుంచుకుని ముందే అడగాలి. తిరుమలకి తీసుకెళ్తుంటే అలిపిరి తనిఖీలో సామాను స్కాన్ చేస్తారు. ఫ్రేమ్, సెల్స్, అడాప్టర్ బట్టల అడుగున కాకుండా చేతికి అందేలా పైన పెట్టుకోండి, అడిగితే వెంటనే తీసి చూపించొచ్చు.