విచ్ఛిత్తి: ఎక్కడ రాయాలి, ఎలా రాయాలి

‘విచ్ఛిత్తి’ అని రాసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: తెగింది ఏది? పరమాణు కేంద్రకమా, ఒక జీవి మొత్తమా, పరమాణువుల మధ్య బంధమా? ఈ మాట భౌతిక, జీవ, రసాయన శాస్త్రాలు మూడింటిలోనూ వాడుకలో ఉంది. తెగినదాని పేరు ముందు లేకపోతే చదివేవారు ఊహించుకోవాల్సి వస్తుంది.

ముందుగా వర్ణక్రమం. ‘ఛిద్’ ధాతువుకు నరకడం, తెగ్గొట్టడం అని అర్థం. ఛేదించడం, ఛిద్రం, ఛిన్నాభిన్నం ఆ ధాతువు నుంచి వచ్చినవే. హ్రస్వాచ్చు తర్వాత ఛకారం వస్తే మధ్యలో చకారం చేరుతుంది. ‘పరిచ్ఛేదం’, ‘వృక్షచ్ఛాయ’ల్లో జరిగింది ఇదే. కాబట్టి చకారం కింద ఛ వత్తు రావాలి, చివర త్తి ఉండాలి. విచ్చిత్తి, విఛ్ఛిత్తి, విచ్ఛితి మూడూ తప్పులే. ‘విచ్ఛిన్నం’ కూడా ఈ కుటుంబంలోదే కానీ, అది తెగిపోయిన స్థితిని చెబుతుంది. తెగే ప్రక్రియను చెప్పాలంటే విచ్ఛిత్తి.

ఇంగ్లిషులో దీనికి సాటి అయిన ‘ఫిషన్’ జీవశాస్త్రం నుంచి భౌతికశాస్త్రానికి వెళ్లింది. 1938 డిసెంబరులో బెర్లిన్‌లో రసాయన శాస్త్రవేత్తలు ఆటో హాన్, ఫ్రిట్జ్ స్ట్రాస్‌మన్ యురేనియంపై న్యూట్రాన్లను ప్రయోగిస్తే బేరియం కనిపించింది. యురేనియం కేంద్రకం చీలితే తప్ప అది సాధ్యం కాదని భౌతిక శాస్త్రవేత్తలు లీసా మైట్నర్, ఆటో ఫ్రిష్ వివరించారు. బ్యాక్టీరియా రెండుగా చీలడాన్ని ఏమంటారని ఫ్రిష్ ఒక జీవశాస్త్రజ్ఞుణ్ణి అడిగి, ఆ పేరునే 1939లో కేంద్రకానికి పెట్టాడు. తెలుగులో కూడా రెండు చోట్లా ఒకే మాట నిలవడం మన పాఠ్యపుస్తకాల అదృష్టం.

జీవశాస్త్రంలో ఒక జీవి రెండుగా చీలితే ద్విధా విచ్ఛిత్తి. అమీబాలో ముందు కణ కేంద్రకం, తర్వాత జీవపదార్థం విడిపోతాయి. పారమీషియం అడ్డంగా, యూగ్లీనా నిలువుగా చీలుతాయి. ఇ.కోలై బ్యాక్టీరియా అనుకూల పరిస్థితుల్లో 20 నిమిషాలకోసారి రెండవుతుంది. అంటే రెండు గంటల్లో ఒకటి 64 అవుతుంది. మలేరియా ప్లాస్మోడియంలో కేంద్రకం ఎన్నోసార్లు విభజన చెందాకే జీవపదార్థం పంచుకోవడం జరుగుతుంది. అది బహుధా విచ్ఛిత్తి. మన చర్మకణాలు రెండవడాన్ని మాత్రం విచ్ఛిత్తి అనకూడదు, అది కణ విభజన. మొత్తం జీవే రెండు జీవులైతేనే విచ్ఛిత్తి.

కేంద్రక విచ్ఛిత్తి దగ్గర తప్పులు ఎక్కువ. ఒక సమీకరణం గుర్తుంచుకోండి: యురేనియం-235 ఒక న్యూట్రాన్‌ను గ్రహించి బేరియం-141, క్రిప్టాన్-92, మూడు న్యూట్రాన్లుగా మారుతుంది. ఎడమవైపు 235, న్యూట్రాన్ 1 కలిపి 236, కుడివైపు 141, 92, 3 కలిపితే అదే 236. ఈ లెక్క కుదరకపోతే ఎక్కడో పొరపాటు జరిగినట్టే. ‘రెండు సమాన భాగాలుగా చీలుతుంది’ అని రాస్తుంటారు, అది సరికాదు. ఎక్కువసార్లు ఒక ముక్క ద్రవ్యరాశి సంఖ్య 95 ప్రాంతంలో, రెండోదానిది 140 ప్రాంతంలో ఉంటుంది. బేరియం, క్రిప్టాన్ జంట కూడా ఒక ఉదాహరణే, ప్రతిసారీ అవే రావు. ఒక్కో విచ్ఛిత్తిలో సుమారు 200 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వెలువడుతుంది.

పత్రికల్లో కనిపించే ‘అణు విచ్ఛిత్తి’ని పరీక్షలో రాయకండి. పాఠ్యపుస్తకాల్లో అణువు అంటే పరమాణువుల కూడిక, ఇక్కడ చీలేది కేంద్రకం. ‘అణు విద్యుత్’ మాత్రం వాడుకలో స్థిరపడిపోయింది, దాన్ని మార్చనక్కర్లేదు. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఇంధన కట్టలు తయారుచేస్తుంది. కేంద్రక విచ్ఛిత్తి జరిగేది అక్కడ కాదు, ఆ కట్టలు చేరే రియాక్టర్లలో.

యురేనియం-238 ఒక ఆల్ఫా కణాన్ని విడిచి థోరియం-234 కావడం రేడియోధార్మిక క్షయం, విచ్ఛిత్తి కాదు. పెద్ద కేంద్రకం నుంచి చిన్న తునక మాత్రమే బయటపడింది. ‘తనంతట తాను జరిగితే క్షయం, న్యూట్రాన్ తగిలితే విచ్ఛిత్తి’ అనే కొండగుర్తును నమ్మకండి. న్యూట్రాన్ తగలకుండానే జరిగే స్వచ్ఛంద విచ్ఛిత్తిని 1940లోనే కనుగొన్నారు.

రసాయనశాస్త్రంలో తెగేది బంధం. క్లోరిన్ అణువుపై కాంతి పడితే బంధంలోని రెండు ఎలక్ట్రాన్లు చెరొకటి పంచుకుని రెండు క్లోరిన్ పరమాణువులు విడిపోతాయి. ఇది సమ విచ్ఛిత్తి. రెండు ఎలక్ట్రాన్లూ ఒకే వైపు పోతే విషమ విచ్ఛిత్తి, అప్పుడు అయాన్లు వస్తాయి. సున్నపురాయి వేడికి విడిపోవడం దగ్గర ఈ మాట వాడకండి. 100 గ్రాముల కాల్షియం కార్బొనేట్ 56 గ్రాముల పొడిసున్నం, 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ కావడం రసాయన వియోగం. నీటిలోకి విద్యుత్తు పంపి హైడ్రోజన్, ఆక్సిజన్ రాబడితే విద్యుద్విశ్లేషణ.

చివరిగా క్రియ. విచ్ఛిత్తి నామవాచకం కనుక దానికి ‘చెందు’ లేదా ‘జరుగు’ చేర్చండి. ‘న్యూట్రాన్ తాకిడికి యురేనియం-235 కేంద్రకం విచ్ఛిత్తి చెందింది’ అంటే సరిపోతుంది. ‘న్యూట్రాన్ విచ్ఛిత్తి చెందింది’ అని రాస్తే చీలినది న్యూట్రానే అని అర్థం వస్తుంది. జవాబు పత్రాల్లో ఈ పొరపాటు తరచుగా కనబడుతుంది, మార్కు పోయేది అక్కడే.