రేసు పావురాల జబ్బులు: మందు పెట్టే ముందు రెట్ట చూడాలి

పావురం తన జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. గద్దలకూ డేగలకూ ఎర అయ్యే పక్షి నీరసాన్ని బయటపెడితే బతకలేదు కనుక, ఈకలు ఉబ్బించుకుని మూలన కూర్చున్న నాటికి దానికి జబ్బు మొదలై చాలా రోజులై ఉంటుంది. ఆ రోజు కంగారుగా మందుల షాపుకు వెళ్లి దొరికిన యాంటీబయాటిక్ తెచ్చి నీళ్లలో కలిపేయడం మనలో చాలామందికి అలవాటు. అలా చేస్తే అసలు జబ్బు తెలియకపోవడమే కాక, తర్వాత పరీక్ష చేయించినా సూక్ష్మజీవి దొరకకుండా పోవచ్చు. ఒకే లక్షణం మూడు నాలుగు జబ్బులలో కనిపిస్తుంది కాబట్టి, వాటిని వేరు చేసి చూడటం నేర్చుకోవడమే వైద్యంలో సగం పని.

పొద్దున్నే గూడు ఊడ్చే ముందు నేలను చూడాలి. ఆరోగ్యంగా ఉన్న పావురం రెట్ట గోధుమరంగులో చిన్న ఉండలా చుట్టుకుని, పైన తెల్లటి సున్నం అంటినట్లు ఉంటుంది. చుట్టూ తడి పరచుకోదు. గుడ్ల మీద పొదిగే ఆడపక్షి పెద్దగా, దుర్వాసనతో రెట్ట వేయడం సహజమే, దానికి మందు అక్కర్లేదు. పందెం నుంచి ఆకలితో తిరిగివచ్చిన పక్షి వేసే ఆకుపచ్చ రెట్ట కూడా ఖాళీ పేగులోని పైత్యరసం వల్ల వచ్చినదే. కడుపునిండా తిని ఒక రోజు గడిచాక కూడా ఆ రంగు పోకపోతేనే అనుమానించాలి. ఆ తర్వాత పక్షిని చేతిలోకి తీసుకుని రొమ్ము ఎముక రెండు వైపులా కండ నిండుగా ఉందో లేదో తడిమి చూడాలి. ముక్కు మీది బుడిపెలు పొడి తెలుపులో ఉన్నాయా, నోరు తెరిస్తే గొంతు గులాబీ రంగులో శుభ్రంగా ఉందా అన్నవి గమనించాలి. సాధారణంగా 350 నుంచి 500 గ్రాముల మధ్య తూగే ఈ పక్షులకు వంటింటి త్రాసు చక్కగా సరిపోతుంది. వారానికొకసారి తూకం రాసిపెట్టుకునే వారికి జబ్బు కంటికి కనబడక ముందే అంకెలలో తెలిసిపోతుంది.

అనుమానం కలిగిన పక్షిని వెంటనే వేరే బోనులోకి మార్చి, సుమారు 30 డిగ్రీల వెచ్చదనం ఉండేలా చూసి, ఓఆర్‌ఎస్ కలిపిన నీళ్లు ఇవ్వాలి. ఒళ్లు చల్లబడి, నీరు తగ్గిపోయిన పక్షికి మేత అరగదు కాబట్టి ముందు వెచ్చదనం, తర్వాత నీరు, ఆ తర్వాతే గింజలు ఇవ్వాలి. నోట్లో నీళ్లు పోయవలసి వస్తే నాలుక మొదట్లో ఉండే శ్వాసరంధ్రాన్ని తప్పించి, పక్క నుంచి నెమ్మదిగా చుక్కలు చుక్కలుగా పోయాలి.

గొంతులో పసుపు పొర

అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది క్యాంకర్. ట్రైకోమోనాస్ గాలినే అనే ఏకకణ జీవి దీనికి కారణం. పెద్ద పావురాలలో చాలావాటికి ఏ బాధా లేకుండానే గొంతులో ఈ జీవి ఉంటుంది. తల్లిదండ్రులు మేతసంచిలో ఊరే పావురం పాలను పిల్లల నోట్లో పెట్టేటప్పుడు వాటికి అంటుకుంటుంది. అందువల్ల ఎక్కువగా దెబ్బతినేవి గూటిలోని పిల్లలే. గొంతులో జున్నుముక్కల వంటి పసుపు గడ్డలు, మింగలేకపోవడం, నోటి దుర్వాసన, నీళ్ల విరేచనం దీని గుర్తులు. ఆ గడ్డలను గోరుతో గీకితే రక్తం కారుతుంది కాబట్టి వాటిని ముట్టుకోకూడదు. మందు పనిచేస్తే అవే ఊడిపోతాయి. పెద్ద పక్షులలో ఇంత స్పష్టంగా కనిపించకపోవచ్చు. పందెంలో ఎందుకు వెనకబడుతోందో తెలియని పావురం గొంతు తడిని గోరువెచ్చని సెలైన్‌లో తీసి, చల్లారకముందే సూక్ష్మదర్శిని కింద చూస్తే ఈ జీవులు కదులుతూ కనిపిస్తాయి.

దీనికి మెట్రోనిడజోల్ పనిచేస్తుంది. కిలో బరువుకు 50 మి.గ్రా. లెక్కన రోజుకొకసారి ఐదు రోజులు ఇవ్వడం వాడుకలో ఉన్న మోతాదు. అంటే 400 గ్రాముల పక్షికి 20 మి.గ్రా. పశువైద్యుడు ఈ మోతాదును ఖాయం చేస్తే, 200 మి.గ్రా. మాత్రను మెత్తగా నూరి 10 మి.లీ. నీటిలో కలిపి, ప్రతిసారీ బాగా కుదిపి 1 మి.లీ. చొప్పున వేయవచ్చు. చేదు మందు కలిసిన నీటిని పావురాలు సరిగా తాగవు కనుక నోటి ద్వారా ఒక్కొక్కదానికి వేయడమే మేలు. నీళ్లలో కలిపే మందులతో మన ఎండాకాలంలో ఇంకో చిక్కు ఉంది: వేడికి పక్షి మామూలు కంటే ఎక్కువ నీరు తాగి, ఎక్కువ మందు మింగేస్తుంది. మెట్రోనిడజోల్ కోవకు చెందిన మందులు ఎక్కువైతే తూలడం, తల వాల్చేయడం మొదలవుతాయి. జత గుడ్లు పొదుగుతున్నప్పుడే తల్లిదండ్రులిద్దరికీ మందు వేస్తే, 17, 18 రోజులకు బయటికి వచ్చే పిల్లలకు సోకే ముప్పు తగ్గుతుంది. ఈ జీవి ఆరిన చోట బతకదు కాబట్టి నీళ్ల గిన్నెను రోజూ కడిగి ఎండలో ఆరబెట్టడం కూడా వైద్యంలో భాగమే.

మెడ తిరిగిన పావురం

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. మెడ మెలితిరిగి, తల కిందుమీదులుగా పెట్టుకున్న పక్షిని చూడగానే అందరూ పారామిక్సో అనేస్తారు. అది నిజమే కావచ్చు, కాకపోవచ్చు కూడా.

పారామిక్సో వైరస్ మన కోళ్ల రైతులు కొక్కెర తెగులు అని, రాణిఖేత్ అని పిలిచే జబ్బుకు కారణమైన వైరస్‌కు పావురాలలో స్థిరపడిన రూపం. 1980ల మొదట్లో ఐరోపా గూళ్లను చుట్టబెట్టింది. ఇది మూత్రపిండాలను కూడా దెబ్బతీస్తుంది కనుక మెడ తిరగడానికి ముందే పక్షి విపరీతంగా నీళ్లు తాగుతుంది, నేలపై నీటి మడుగులు, వాటి మధ్య సన్నని రెట్ట కనిపిస్తాయి. కొద్ది రోజుల తేడాతో పది పక్షులకు పాకుతుంది. గింజను పొడవబోయి పక్కనున్న నేలను పొడవడం దీని ప్రసిద్ధ లక్షణం. సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బు అలా కాదు. అది అక్కడొకటి ఇక్కడొకటిగా వస్తుంది, పక్షి చిక్కిపోతుంది, రెట్ట జిగటగా ఆకుపచ్చగా ఉంటుంది, ఒక రెక్క వాలిపోయి మోచేతి కీలు దగ్గర శనగగింజంత వాపు చేతికి తగులుతుంది. గుడ్లలోనే పిల్లలు చనిపోతుంటే అనుమానం బలపడుతుంది. మూడోది మనం చేతులారా తెచ్చుకునేది. పేగుల్లో చేరే ఏకకణ పరాన్నజీవి కాక్సిడియాకు వాడే ఆంప్రోలియం అనే మందు విటమిన్ బి1ను అడ్డుకుంటుంది కాబట్టి, దాన్ని రోజుల తరబడి కొనసాగిస్తే పక్షి మెడ తిరిగిపోతుంది. మందు ఆపి బి1 ఇంజెక్షన్ వేయిస్తే చాలావరకు త్వరగానే తేరుకుంటుంది. పురుగుమందు పట్టించిన విత్తనాలు తిన్న పక్షి మాత్రం రోజులు కాదు, గంటల్లోనే వణుకుతూ పడిపోతుంది.

పారామిక్సోకు వైరస్‌ను చంపే మందు లేదు. లోతైన గిన్నె నిండా గింజలు పోసి, ఎటు పొడిచినా గింజే తగిలేలా చేయడం, ఎలక్ట్రోలైట్ నీరు, చీకటిగా నిశ్శబ్దంగా ఉండే చోటు: ఓపికపడితే ఆరు, ఎనిమిది వారాలలో చాలా పక్షులు కోలుకుంటాయి. యాంటీబయాటిక్ దీన్ని తాకదు. నివారణకు మాత్రం చంపిన వైరస్‌తో చేసిన టీకా ఉంది. దాన్ని మెడ అడుగుభాగంలో, వీపు వైపు చర్మం కిందే వేయాలి, ఎందుకంటే మెడ పై భాగంలో చర్మం కింద రక్తనాళాల వల ఉంటుంది, సూది తగిలితే పక్షి అక్కడికక్కడే చనిపోవచ్చు. కోళ్లకు రాణిఖేత్ రాకుండా వేసే లసోటా టీకా చుక్కలను దీనికి బదులుగా నమ్ముకోకూడదు. సాల్మొనెల్లా అయితే రెట్టను లాబ్‌లో కల్చర్ (సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్ష) చేయించి, ఏ మందుకు లొంగుతుందో తెలుసుకుని, వైద్యుడు చెప్పినన్ని రోజులు పూర్తిగా వాడాలి. ఎన్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ ఎదిగే పిల్లల కీళ్లను దెబ్బతీయగలదు, పక్కింటివారు వాడారని తెచ్చి వాడే మందు అది కాదు. సాల్మొనెల్లా మనుషులకూ సోకుతుంది కాబట్టి గూడు శుభ్రం చేసేవారు మాస్కు వేసుకుని, చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

తక్కినవి క్లుప్తంగా

కాక్సిడియా కొద్దిగా ఉండటం దాదాపు అన్ని గూళ్లలోనూ మామూలే. తడి నేలమీద, వెచ్చని వాతావరణంలో అది రెండు రోజుల్లోనే సోకే దశకు చేరుతుంది. నేల పొడిగా ఉంటే సగం చికిత్స అయినట్లే. ఏలికపాములకు మందు వేసేటప్పుడు ఒక్క హెచ్చరిక మరువకూడదు: పశువులకు వాడే ఫెన్‌బెండజోల్, ఆల్బెండజోల్ పావురాలకు విషంతో సమానం, ఎదిగే ఈకలను, ఎముకమజ్జను అవి పాడుచేస్తాయి. పావురాల మశూచి (పాక్స్) వానాకాలంలో దోమల ద్వారా వస్తుంది. కళ్ల చుట్టూ, ముక్కు మీద, కాళ్ల మీద లేచే పొక్కులు మూడు నాలుగు వారాలలో వాటంతటవే రాలిపోతాయి, పీకకూడదు. ఒకే కన్ను ఎర్రబడి నీరు కారితే దెబ్బ కూడా కారణం కావచ్చు. కానీ తుమ్ములతో పాటు ఆ లక్షణం గూటిలో పాకితే క్లామిడియా అనే బ్యాక్టీరియాను అనుమానించాలి. దానికి డాక్సీసైక్లిన్ 25 నుంచి 45 రోజుల దాకా వాడవలసి వస్తుంది, ఆ రోజుల్లో సున్నపు గ్రిట్ (మేతతో పాటు పెట్టే గుల్లల, రాళ్ల ముక్కలు) తీసేయాలి, లేకపోతే మందు ఒంటికి పట్టదు. ఈకల మధ్య పరుగెత్తే చదునైన పావురపు ఈగలు మలేరియా వంటి జబ్బును మోస్తాయి కాబట్టి, మందు పావురానికి వేయడం కంటే ముందు ఆ ఈగలను వదిలించాలి.

కొత్త జబ్బు గూటిలోకి వచ్చే దారి చాలావరకు పక్షులను పందేనికి తీసుకువెళ్లే బుట్టల్లోనే. చెన్నైలోనైనా కోల్‌కతాలోనైనా పందేనికి తీసుకువెళ్లే లారీలో పలు గూళ్ల పక్షులు ఒకే నీళ్ల తొట్టిలో తాగుతాయి. అలసిపోయి, కాలికి రింగుతో మన డాబా మీద దిగిన పావురాన్ని గూఢచారి అని పోలీసులకు పట్టించవద్దు, అలాగని జాలిపడి నేరుగా గూటిలోకి చేర్చుకోనూ వద్దు. విడిగా నీళ్లూ మేతా పెట్టి పంపేయాలి. కొన్న పక్షినైతే కనీసం మూడు వారాలు వేరుగా ఉంచాలి. జబ్బు నుంచి లేచిన పక్షిని మళ్లీ ఎగరేసే ముందు దాని ముందు నేలపై పది బఠాణి గింజలు చల్లి, ఒక్క గింజ కూడా తప్పకుండా పొడుస్తుందో లేదో చూడాలి. గురి తప్పుతున్నంత కాలం దాన్ని బుట్టలోకి ఎక్కించకూడదు.