పైప్‌ఫిష్ ఆకలితో చావకుండా పెంచడం ఎలా?

ఇంటికి తెచ్చిన పైప్‌ఫిష్ చనిపోతే చాలామంది నీటిని తప్పుపడతారు. చాలాసార్లు అసలు కారణం ఆకలి. పగడపు దిబ్బల్లో బతికే ఈ చేప సముద్రగుర్రానికి దగ్గరి చుట్టం. మూతి సన్నటి గొట్టంలా ఉంటుంది, పళ్లుండవు, జీర్ణాశయమూ ఉండదు. తిన్నది నిల్వ ఉంచుకోలేదు కాబట్టి రోజంతా కొద్దికొద్దిగా తింటూనే ఉండాలి.

ట్యాంకు 100 లీటర్లకు తగ్గకూడదు, కనీసం ఆరు నెలలుగా నడుస్తూ ఉండాలి. రాత్రి టార్చి వేసి చూస్తే అద్దం మీద కోపెపాడ్లు (రొయ్యలను పోలిన అతిచిన్న జీవులు, దీని సహజ మేత) తెల్లటి చుక్కల్లా గెంతుతూ కనిపించాలి. నీరు 24-25 డిగ్రీలు, సాపేక్ష సాంద్రత (నీటి ఉప్పదనానికి కొలత) 1.025, అమోనియా సున్నా. పంపు నోటికి స్పాంజి కట్టండి. ఎనిమోన్‌లు (కుట్టే సముద్రజీవులు), మేత మీదకు దూకే డామ్సెల్ చేపలు ఉన్న ట్యాంకులో దీన్ని వేయకండి.

మొదటిసారి పెంచేవాళ్లు నీలిచార పైప్‌ఫిష్‌నే తీసుకోవాలి. ఒక్కటి చాలు, లేదా ఒక జంట. రెండు మగవి పోట్లాడుకుంటాయి. గుడ్లను పొట్టకింద అంటించుకుని మోసేది మగదే. కొనేముందు మీ కళ్లముందే అది తినాలి. పొట్ట లోపలికి పీక్కుపోయి ఉంటే వదిలేయండి.

ఇక అందరూ చెడగొట్టేది మేత మార్చడం. గడ్డకట్టించిన మేతకు దాన్ని అలవాటు చేయాలి, కానీ తొందర పనికిరాదు. మొదటి వారం ప్రాణమున్న మేతే పెట్టండి: కోపెపాడ్లు, అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటి చిన్న రొయ్యల్లాంటి జీవి) పిల్లలు. ఆ పిల్లల్లోని సొన ఒక్క రోజులోనే కరిగిపోతుంది, అందుకే నిన్న పొదిగినవాటిని సారం పట్టించకుండా, అంటే పోషకాలు తినిపించకుండా, వేయకండి.

రెండో వారం నుంచి సన్నగా తరిగిన మైసిస్‌ను (గడ్డకట్టించిన చిన్న రొయ్యల్లాంటి జీవులను) కొద్దిగా కలపండి. ట్యాంకు నీళ్లలోనే కరిగించి, సన్నటి జాలీలో కడిగి, ఆ రసం పారబోయండి. పెద్ద పంపు ఆపి, చిన్న ప్రవాహం మాత్రం ఉంచండి. కదలని మేతను ఇది మేతగా గుర్తించదు. పొడవాటి గాజు పిపెట్‌తో ప్రవాహానికి ఎగువన వదలండి, మొహం మీద కాదు. సిరంజి వాడకండి, అది ఒక్కసారిగా చిమ్మితే చేప బెదిరిపోతుంది.

ఇప్పుడు దాని కళ్లు చూడండి. మామూలుగా దేనికది తిరిగే రెండు కళ్లూ ఒకే ముక్క మీదకు వచ్చి, తల కాస్త వంగి, మూతి గభాలున పీల్చిందంటే దారిలో పడ్డట్టే. పీల్చి ఉమ్మేసిందా, ముక్క పెద్దదైంది, ఇంకా సన్నగా తరగండి. రెండు పూటలు అసలు ముట్టకపోతే ఆ రోజుకు మళ్లీ ప్రాణమున్న మేతకే వెళ్లండి.

"పస్తు పెడితే అదే తింటుంది" అనే సలహాను దయచేసి నమ్మకండి. పెద్ద చేపలకు చెల్లే పద్ధతి అది. పైప్‌ఫిష్‌ను పస్తు పెడితే మేతను పీల్చే సత్తువే పోతుంది, ఆ తర్వాత ఏం వేసినా పైకి చూడదు.

రోజుకు కనీసం మూడుసార్లు, కొంచెం కొంచెంగా పెట్టండి. గంట తర్వాత మిగిలినది తీసేయండి. మైసిస్‌కు పూర్తిగా అలవాటుపడ్డాక కూడా వారానికి రెండుసార్లు కోపెపాడ్లు వేస్తూ ఉండండి.