కర్వా, బసాల్టా? ఘాట్ మీద తేల్చుకునే పద్ధతి

నేను అచ్చంపేటలో యాక్టింగ్ డ్రైవర్‌ని. బండి వేరేవాళ్లది, స్టీరింగ్ నాది. ఈ మధ్య అందరూ అడిగేది టాపు వెనక్కి వాలిన రెండు బండ్ల గురించే: టాటా కర్వ్, సిట్రోయెన్ బసాల్ట్. రెండూ 2024లో వచ్చాయి. ఏది కొనాలన్నది తర్వాత, ముందు ఎలా నడిపి చూడాలో చెప్తా.

ఒకే రోజు, ఒకే రోడ్డు, ఎక్కే మనుషులు కూడా వాళ్లే ఉండాలి. ఒకదాన్ని ఖాళీగా, ఇంకోదాన్ని వారం తర్వాత ఇంటిల్లిపాదితో నడిపితే ఏమీ తేలదు. టైర్లలో గాలి కూడా చూడండి. గాలి ఎక్కువైతే మంచి సస్పెన్షన్ ఉన్న బండి కూడా ఎత్తి కుదిపేస్తుంది.

షోరూంలో ముందు పీఎస్, అంటే ఇంజిన్ పవర్ లెక్క చెప్తారు. కర్వ్ మామూలు టర్బో పెట్రోల్ 120 పీఎస్, బసాల్ట్ టర్బో 110. కానీ ఘాట్‌లో బండిని గుంజేది టార్క్, అంటే చక్రాన్ని తిప్పే బలం; దాన్ని ఎన్ఎంలలో చెప్తారు. అది కర్వ్‌లో 170 ఎన్ఎం, బసాల్ట్ మాన్యువల్‌లో 190. మా ఊరి నుంచి శ్రీశైలం పోయే దారిలో మన్ననూర్ వైపు ఘాట్ ఎక్కేటప్పుడు నలుగురిని కూర్చోబెట్టి, ఏసీ వేసి, మూడో గేర్లో 40 మీద పోతూ యాక్సిలరేటర్ మెల్లగా నొక్కండి. లాగుతుందా, రెండో గేరు అడుగుతుందా? నా చేతికి బసాల్టే తేలిగ్గా ఎక్కినట్టు అనిపించింది. బరువు కూడా తక్కువే కదా. అయితే కర్వ్‌లోనే ఇంకో పెట్రోల్ ఇంజిన్ హైపీరియన్ 225 ఎన్ఎం, డీజిల్ 260. ఆ ఇంజిన్లయితే లెక్క తిరగబడుతుంది. అందుకే మీరు కొనబోయే ఇంజిన్‌నే నడపండి. 'అదీ ఇదీ ఒకటే సార్' అంటే నమ్మొద్దు.

ఈ చిన్న టర్బో ఇంజిన్లు సుమారు 1,750 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాటాకే ఊపందుకుంటాయి. మలుపులోకి పోకముందే గేరు తగ్గించుకోండి. మలుపు మధ్యలో తగ్గిస్తే వెనక కూర్చున్న పెద్దమ్మలకు వాంతులే.

షోరూం వాళ్లు ఘాట్ దాకా బండి ఇవ్వకపోవచ్చు. తెలిసినవాళ్ల బండి దొరక్కపోతే రైల్వే ఓవర్‌బ్రిడ్జి ఎత్తైనా చాలు, సగంలో ఆపి మళ్లీ కదిలించండి. అడవిలోకి పోతే మాత్రం స్పీడు చూపించుకోవద్దు, అది పులుల అభయారణ్యం. మన్ననూర్ చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లను వదలరు.

దోమలపెంట దాటి కృష్ణ దగ్గరికి దిగేటప్పుడు రెండో గేర్లో పెట్టి, బ్రేకు మీద కాలు తక్కువ వెయ్యండి. ఇంజిన్ ఎంత పట్టి ఆపుతుందో, మలుపులో బండి ఒళ్లు ఎంత ఒరుగుతుందో అప్పుడు తెలుస్తుంది. బసాల్ట్ మెత్తన, కొంచెం ఎక్కువ ఒరుగుతుంది. కర్వ్ బిగువుగా నిలబడుతుంది. అదే ఊళ్లలో గుంతల రోడ్డు మీద బసాల్ట్ మెత్తదనమే సుఖం. గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ బండి అడుక్కూ మధ్య ఎత్తు) కర్వ్‌ది 208 మిల్లీమీటర్లు, బసాల్ట్‌ది 180. మీ వీధిలో వాళ్లే వేసుకున్న స్పీడ్ బ్రేకర్ మీద, నిండా మనుషులతో రెండూ ఎక్కించి చూడండి.

చాలామంది మరిచేది వెనక అద్దం. టాపు వాలు వల్ల రెండిట్లోనూ వెనక రోడ్డు సన్నని చీలికలా కనిపిస్తుంది. సంత రోజు ఇరుకు సందులో, కెమెరా చూడకుండా ఒకసారి రివర్స్ తీయండి. ఇంట్లో అందరికంటే పొడుగాయనను వెనక సీట్లో కూర్చోబెట్టి తల తగులుతుందేమో అడగండి. నడుపుతూ, చూపు రోడ్డు మీదే ఉంచి ఏసీ తగ్గించడం కూడా చూడండి. కర్వ్‌లో ఎక్కువగా టచ్ ప్యానెలే, నాలాంటి వాడికి విసుగు. డిక్కీ సంగతి పెద్దగా ఆలోచించక్కర్లేదు, కర్వ్ 500 లీటర్లు, బసాల్ట్ 470.

బండ్లను గుద్దించి చూసే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల రక్షణకు కర్వ్‌కు 5 స్టార్లు, బసాల్ట్‌కు 4. హైవే మీద రోజూ తిరిగే ఇంటికైతే నేను కర్వ్ డీజిల్ అంటా. ఊళ్లల్లో తిరుగుతూ, నెలకోసారి శ్రీశైలం పోయొచ్చే వాళ్లకు బసాల్ట్ టర్బో చాలు. కాకపోతే సర్వీస్ సెంటర్ మీ ఊరికి ఎంత దూరమో అడిగాకే అడ్వాన్స్ కట్టండి.